ఫ్రేజల్ వెర్బులూ భవానీపూర్ బీటూ

కోల్‌కతా వెళ్లొచ్చానంటే అందరూ ఒకటే అడుగుతున్నారు. కాళీఘాట్ చూశావా, హౌరా వంతెన మీద నడిచావా, రసగుల్లాలు తెచ్చావా అని. కాళీఘాట్ వైపు వెళ్లే జనాన్ని బస్సు కిటికీలోంచి చూశాను. నేను దిగింది షాలిమార్‌లో కాబట్టి హౌరా వంతెన ఎక్కే పని పడలేదు. రసగుల్లాలు తెచ్చాను గానీ డబ్బా మూత సరిగా పెట్టక రైల్లోనే పాకం కారి, సంచిలో ఉన్న మంచి చీరకి అంటుకుంది. నాలుగు రోజుల్లో నేను తిరిగినదంతా ఒక పేటలో నాలుగు సందులు, ఒక పూట న్యూ టౌన్. అయినా ఈ ప్రయాణం గురించి రాసేదాకా నేను కుదురుగా కూర్చోలేను. అసలే నాకు కుదురు తక్కువ. మా ఇంట్లో నన్ను కాలుగాలిన పిల్లి అంటారు.

ముందు నా బాధ చెప్పుకోవాలి. నేను బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై ఏళ్లపాటు కిరణజన్య సంయోగక్రియ అని నోరారా చెప్పుకున్నదాన్ని ఇప్పుడు అదే పాఠం ఇంగ్లీషులో చెప్పమన్నారు. పెద్ద మాటలతో నాకు పేచీ లేదు. ఫొటోసింథసిస్ ఎంత పొడుగున్నా దానికి ఒకటే అర్థం. నా ప్రాణం తీసేవి చిన్న మాటలు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే మానేయడమట. అదే గివ్ పక్కన ఇన్ చేరితే లొంగిపోవడమట. పుట్ పక్కన ఆఫ్ చేరితే వాయిదా వేయడం, ఔట్ చేరితే ఆర్పేయడం, అప్ చేరి దాని తోకకి విత్ కూడా తగిలితే భరించడం. వీటిని ఫ్రేజల్ వెర్బులంటారనీ, వీటికి అంతు లేదనీ తెలిశాక నాకు సరిగ్గా అన్నం సయించలేదు. ఒక లావుపాటి నోటుబుక్కు కొని, ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు రాయడం మొదలుపెట్టాను. ముందుకి రాస్తూ పోతున్నాను, వెనకవి మరిచిపోతూ పోతున్నాను. మొక్క ఆక్సిజన్‌ను గివ్స్ ఆఫ్ అన్న వాక్యం దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "ఆఫ్ అంటే ఆపేయడం కదా టీచర్, మరి మొక్క ఆక్సిజన్ ఇవ్వడం ఆపేస్తుందా?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ఇలా ఉండగా నరసమ్మ పిన్ని ఫోన్ చేసింది. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. ముప్పై ఏళ్లుగా కోల్‌కతాలో వీధులు ఊడ్చే పనిలో ఉంది. ఆవిడ కూతురు సుజాతకి న్యూ టౌన్‌లో ఒక కంపెనీవాళ్లు శుక్రవారం ఫోనులో ఇంటర్వ్యూ పెట్టారట. హోటల్ గదులు బుక్ చేసుకునే విదేశీయులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగం. రాత పరీక్ష గట్టెక్కింది. ఇక మాటే మిగిలింది. పిన్నికి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, ఇక వంగలేదు. ఈ ఉద్యోగం రాకపోతే సుజాత ఆ చీపురే ఖాయంగా పట్టుకోవాలి. "నువ్వు ఇంగిలీసు టీచరువి గదా, సెలవుల్లో నాలుగు రోజులు వొచ్చి గుంటకి నేర్పు" అంది పిన్ని. గుంటంటే మావైపు ఆడపిల్ల. నేను ఇంగ్లీషు టీచర్ని కాదు, ఇంగ్లీషులో చెప్పలేక చస్తున్న సైన్సు టీచర్ని అని అనాలి. అనలేదు. సరే అన్నాను. ఆ సరే నన్ను దారి పొడుగునా పొడుస్తూనే ఉంది.

రైల్లో మరమరాలు

నా ఎదురు సీట్లో ఒక బెంగాలీ పెద్దావిడ. విశాఖలో కూతురి దగ్గర నెల రోజులుండి ఇంటికి వెళుతోంది. బరంపురం దాటగానే ఒక స్టీలు డబ్బా తీసి మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపి సగం నాకు పెట్టింది. మన విశాఖ బీచిలో అమ్మే మురీ మిక్చర్ లాంటిదే గానీ ఆవనూనె ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్లనీళ్లు తెప్పించింది. ఆవిడ నవ్వి నీళ్ల సీసా ఇచ్చి, నీళ్లు తినమంది. ఆవిడ హిందీ తడబడిందనుకున్నాను. కాదట. బెంగాలీలో అన్నమూ తింటారు, నీళ్లూ తింటారు, సిగరెట్టూ తింటారు.

నాకు వెంటనే నోటుబుక్కు గుర్తొచ్చి చిరాకేసింది. వీళ్లకి మాత్రం ఇది ఎలా కుదురుతోంది అనుకున్నాను. తరవాత ఆలోచిస్తే మనమూ తక్కువ వాళ్లం కాదు. తిట్లు తింటాం, దెబ్బలు తింటాం, లంచం తింటాం, పక్కవాడి బుర్ర తింటాం. ఏ తెలుగు పిల్లాడూ బుర్ర తినడం దగ్గర ఆగి అర్థం అడగడు. నిలబడు అన్న మాటలో పడటం ఎక్కడుందని ఎవరూ అడగరు. అడగనంత కాలం అది మన భాష, అడగడం మొదలుపెట్టిన రోజున పరాయిది. ఇంత తెలిసినా నోటుబుక్కులో ఒక్క ముక్కా అదనంగా ఎక్కలేదు. రాత్రంతా పై బెర్తు మీద అటూ ఇటూ దొర్లాను.

ఆవిడ మధ్యలో ఖరగ్‌పూర్‌లో దిగిపోయింది. దిగుతూ ఆషి అంది. వస్తాను అని దానర్థం. వెళుతున్న మనిషి వస్తాననడం నాకు బాగా నచ్చింది. మనం కనీసం వెళ్లొస్తాను అని వెళ్లడాన్ని కూడా ఒప్పుకుంటాం, వీళ్లు అదీ ఒప్పుకోరు.

షాలిమార్

గూడ్సు యార్డుల పక్కనుంచి రైలు ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది. సుజాత ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. పదేళ్ల కిందట చూసిన పిల్ల, ఇప్పుడు ఇరవై మూడేళ్లది. తలకి నూనె రాసి దువ్వుకుంది గానీ చేతులకి ఇంకా దుమ్ము వాసన ఉంది. నా సంచి లాక్కుని, "అప్పా, లేటయిందా? బీటు ముగించుకుని డైరెక్టుగా వొచ్చేశాను" అంది. మావైపు అక్కని అప్ప అనడం ఈ ఊళ్లో పుట్టిన పిల్ల నోట కూడా నిలిచినందుకు సంతోషం వేసింది.

బయట మట్టి కప్పులో టీ తాగాం. పది రూపాయలు, రెండు గుక్కలు. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నడుస్తుంటే, ఇలా పడేయాలి అని సుజాత లాక్కుని డబ్బాలో విసిరింది. మంచి కప్పు పగిలిపోయిందని నాకు మనసు చివుక్కుమంది. బస్సులో కూర్చున్నాక తను రెండు నెలలుగా వాళ్లమ్మ బద్లీగా పని చేస్తున్నానని చెప్పింది. బద్లీ అంటే మన బదులే. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లో మనిషి వెళ్లి ఆ బీటు, అంటే ఆవిడ వంతుకొచ్చిన వీధులు, ఊడ్చి వస్తుంది. పేరు అమ్మదే, చేతులు కూతురివి. పని చూసే సర్దారుకీ తెలుసు, వీధిలో వాళ్లకీ తెలుసు. వీధి శుభ్రంగా ఉందా లేదా అన్నదే అక్కడ లెక్క.

పిన్ని గది

భవానీపూర్‌లో పెద్ద దుకాణాల వెనక ఒక సందు, ఆ సందులో వరసగా గదులు. సగం మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులే. నేను వచ్చేసరికి పిన్ని గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుని ఉంది. లేవలేకపోయింది. ఆ వరసలో అందరికీ "మా అప్ప కూతురు, ఇంగిలీసు టీచరు" అని ఎప్పుడో చెప్పేసి ఉంచింది. ఒకావిడ బ్యాంకు కాగితం, ఇంకొకావిడ మందు సీసా తెచ్చి చదివిపెట్టమన్నారు. అవి చదవగలిగాను.

భోజనంలో ఆవాలు నూరి వేసిన చేపల కూర, పక్కన మన చింతపండు పులుసు. ఒకే కంచంలో రెండు ఊళ్లు. పిన్ని ఇప్పటికీ పొద్దున్నే అంబలే తాగుతుందట. అన్నం వడ్డిస్తూ డబ్బాలో చెయ్యిపెట్టి, "బియ్యం నిండుకున్నాయే, సాయంత్రం తేవాల" అంది. అయిపోయాయి అని మన ఇళ్లలో అనం కదా. పక్కింటి బెంగాలీ ఆవిడ ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, తమ ఇంట్లో కూడా బియ్యం అయిపోతే పెరుగుతున్నాయి అంటామని సుజాతతో చెప్పింది. సుజాత కంచం ముందే తన నోటుబుక్కు తెరిచి, రన్ ఔట్ అంటే అయిపోవడం అని బెంగాలీ లిపిలో రాసుకుంది. ఆ పిల్లకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నేను తెలుగులో రాసుకున్నది నేనే చదవాలి, తను బెంగాలీ అక్షరాల్లో దించుకోవాలి. ఈ పద్ధతిలో సాయంత్రం దాకా సాగాం.

సాగాం అనడం గొప్ప. మూడో పేజీలోనే తను అడిగింది: అతిథి హోటల్ గదిలో దిగడం చెక్ ఇన్, వెళ్లిపోవడం చెక్ ఔట్, మరి ఊరికే చూడటానికి చెక్ ఔట్ దిస్ ప్లేస్ అంటారెందుకు అని. నేను దాహమేస్తోందని లేచాను. వచ్చాక ఇంకొకటి అడిగింది, నేను ఫోనొచ్చినట్టు గుమ్మం దాకా వెళ్లాను. అలా నాలుగుసార్లు లేచేసరికి సుజాత ఇక అడగడం మానేసింది. తనే వీడియోల్లో విన్నవి నాకు చెప్పి, "ఇదే గదప్పా అర్థం?" అనేది. నేను తల ఊపేదాన్ని. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో మా ఇద్దరికీ తెలుసు. వాళ్లమ్మ ముందు మాత్రం ఆ పిల్ల నన్ను టీచరుగానే ఉంచింది. దానికి నాకు కృతజ్ఞత కలగాలి. నాకు కలిగింది సిగ్గు.

బీటు

మర్నాడు తెల్లవారుజామున నేనూ వెంట వెళ్లాను. ఒక్కచోట కూర్చోలేని జబ్బు అక్కడ పనికొచ్చింది. సందు మలుపులో ఇరవై మంది ఆడవాళ్లు, చేతుల్లో పొడుగు కర్రలకి కట్టిన ఈనెల చీపుర్లు. సర్దారు పేర్లు పిలుస్తున్నాడు. నరసమ్మ అనగానే సుజాత హాజిర్ అంది. అతను తల కూడా ఎత్తలేదు. ఆ పైన వీధి పొడుగునా అంతే. పాలవాడు నరసమ్మా అన్నాడు, ఇస్త్రీ బండివాడు నరసమ్మా అన్నాడు. ఆ పిల్ల ప్రతిసారీ పలికింది.

గాలి వెనకనుంచి వచ్చేలా నిలబడి, కాలవ అంచు వెంట ఊడ్చి, పది అడుగులకో చిన్న కుప్ప పెడుతూ వెళ్లింది. చెత్త బండి ఎనిమిదింటికి వస్తుంది, ఈలోగా కుప్పలన్నీ మలుపు చేరాలి. ఊడుస్తూనే స్వీప్ అప్, పైల్ అప్, పిక్ అప్ అని తనలో తను గొణుక్కుంటోంది. నేను చూస్తూ ఒక ఇంటి అరుగు మీద చతికిలబడ్డాను. ఆ ఇంటావిడ తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, కూరగాయల తొక్కల సంచి నా ఒళ్లో పెట్టి, కొత్త బద్లీవా అని బెంగాలీలో అడిగి లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. నేను టీచర్ని అని చెప్పడానికి లేచాను కూడా. అంతలోనే ఆ మంట ఆవిడ మీద కాదని తెలిసింది. మా అమ్మ కూడా ఇదే పని చేసింది. బొబ్బిలిలో. నాకు పదమూడేళ్లు వచ్చేదాకా సెలవు రోజుల్లో నేనూ ఇంకో చీపురు పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. ఉద్యోగంలో చేరిన మొదటి వారం స్టాఫ్ రూములో ఎవరో మీ అమ్మగారేం చేసేవారని అడిగితే, ఇంట్లోనే ఉండేదని చెప్పాను. అడిగినావిడ వెంటనే మరిచిపోయి ఉంటుంది. నేను మాత్రం ఆ అబద్ధాన్ని ఇరవై రెండేళ్లుగా పదిలంగా కాపాడుకుంటూ వస్తున్నాను. తొక్కల సంచి తీసుకెళ్లి సుజాత కుప్పలో వేశాను. చేతులు కడుక్కోవడానికి కుళాయి కోసం రెండు సందులు తిరిగాను.

న్యూ టౌన్

గురువారం మధ్యాహ్నం ఆ కంపెనీ ఉండే చోటు ఒకసారి చూసొద్దామంది సుజాత. ఇంట్లో కూర్చుంటే నాకూ కాలు నిలవడం లేదు. వెడల్పాటి రోడ్లు, అద్దాల మేడలు, చెట్టు నీడ దొరకదు. భవానీపూర్‌లో పది రూపాయల టీ ఇక్కడ పాతిక, అదీ కాగితం కప్పులో. అక్కడ రోడ్డు ఊడ్చేది యంత్రం. సుజాత దాని వెనకే కొంతదూరం నడిచి, మూలలు వదిలేస్తోందని తేల్చింది.

టీ కొట్టు దగ్గర మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు మా తెలుగు విని పలకరించాడు. కరీంనగర్ మనిషి, మూడేళ్లుగా ఇలాంటి ఫోను ఉద్యోగమే చేస్తున్నాడు. సుజాత తన నోటుబుక్కు చూపించింది. అతను నాలుగు పేజీలు తిరగేసి నవ్వాడు. "ఇన్ని ఎవరూ అడగరు మేడమ్. పొద్దున లేస్తే ఏం చేస్తవో చెప్పమంటరు. నువ్వు ఆగకుండ మాట్లాడుతున్నవా లేదా చూస్తరు, గంతే" అన్నాడు.

తిరుగు బస్సులో సుజాత కిటికీలోంచి చూస్తూ, అది అడిగితే ఏటి చెప్పాలి అంది. నేను తడుముకోకుండా, ఇంట్లో అమ్మకి సాయం చేస్తానని చెప్పు చాలు అన్నాను. ఆ సలహా ఎంత చులాగ్గా వచ్చిందో చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. సుజాత నా వైపు ఒకసారి చూసి, అదీ నిజమే గదా అంది. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పదిసార్లు అప్పజెప్పించాను.

గురువారం సాయంత్రం

ఏడింటికి ఫోనుకి మెసేజ్ వచ్చింది. మాట్లాడబోయే పెద్దమనిషి అమెరికాలో ఉంటాడట, వాళ్ల వీలుని బట్టి ఇంటర్వ్యూ పొద్దున్న పదకొండు నుంచి ఆరున్నరకి మారింది. ఆరున్నరంటే బీటు వేళ. ఒక్క పూట మానేసినా బీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. చుట్టుపక్కల గదుల్లో అడిగాం, అందరికీ వాళ్ల వాళ్ల బీట్లున్నాయి. నేను గదిలో ఈ గోడనుంచి ఆ గోడకి నడుస్తున్నాను. పిన్ని మాత్రం కంగారు పడలేదు. ఆవిడకి ఎప్పుడో ఉపాయం తట్టింది.

"దీనికింత ఆలోసనేటి? గుంట బీటుకి ఎల్తాది. ఫోను నువ్వు మాటాడు. సుజాతనని సెప్పు. మీ ఇద్దరి గొంతూ ఒకలాగే ఉంటాది. ఒక్క పూట బద్లీ, అంతే గదా."

ఆ ముఖంలో మోసం అన్న ఆలోచనే లేదు. ముప్పై ఏళ్లు ఆ వీధుల్లో పని అలాగే నడిచింది. ఒకరు పడిపోతే ఇంకొకరు నిలబడతారు, పేరు ఆగదు. నేను అలా చేయడం తప్పని చెప్పాను. ఫోనులో వాళ్లు పరీక్షించేది మనిషినే గానీ వీధి శుభ్రాన్ని కాదని, ఇంకొకరు మాట్లాడితే దొంగతనమవుతుందని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పిన్ని ముఖం వాడిపోయింది.

"ఐతే రెండు నెల్లబట్టి మేం దొంగతనం సేత్తన్నామా?"

నేను చెప్పింది తప్పు కాదు. కానీ అది నా అసలు కారణం కాదు. ఇంత నీతి ఎక్కడిది నాకు? సుజాత మంచం అంచున కూర్చుని నన్నే చూస్తోంది. తనకి అసలు కారణం తెలుసు, అయినా చెప్పదు. ఇంక నడవడానికి ఆ గదిలో చోటు లేదు. ఆగాను.

"నాకు రాదు పిన్నీ. నేను ఇంగ్లీషు టీచర్ని కాదు. నాకంటే సుజాతకే బాగా వచ్చు. నేను మాట్లాడితే ఆ ఉద్యోగం పోతుంది."

మరి మూడు రోజులూ ఏటి నేర్పావే అని పిన్ని నెమ్మదిగా అడిగింది. సుజాత, నేర్పింది లేమ్మా, అంది. పిన్ని వినిపించుకోలేదు. గోడ పట్టుకుని లేచి, పాత చీర ముక్క వెతికి మోకాలికి బిగించి కట్టుకోవడం మొదలుపెట్టింది. రేపు తనే వెళుతుందట. ఆ గుడ్డ ముడి పడటం లేదు. నేను ఆవిడ చేతిలోంచి అది తీసేసుకున్నాను.

"ఇంగ్లీషు రాదు గానీ ఊడవడం వచ్చు. నేను వెళతాను" అన్నాను.

శుక్రవారం

సర్దారు నరసమ్మా అన్నాడు. హాజిర్ అన్నాను. గొంతు కొత్తగా ఉందని తల ఎత్తి చూశాడు. ఎవరని హిందీలో అడిగితే అక్క కూతుర్నని చెప్పాను. మూలలు వదిలేయొద్దని చెప్పి తరవాతి పేరు పిలిచాడు.

గాలి ఎటునుంచో చూసుకుని మొదలుపెట్టాను. తొలి సందు సగంలోనే అరచేతిలో పొక్కు లేచింది. రెండో సందులో నేను కట్టిన కుప్పని నేనే తొక్కేశాను. పాలవాడు నరసమ్మా అన్నాడు, ఆఁ అన్నాను. మొన్నటి ఇంటావిడ మళ్లీ సంచి ఇచ్చింది, ఈసారి రెండు బిస్కెట్లు కూడా పెట్టింది. ఆరున్నర అయింది. ఈపాటికి ఫోను మోగి ఉంటుంది. ఆరూ నలభై. తడబడిందేమో. ఏడు. పెట్టేశాడేమో. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నానని ఇస్త్రీ బండివాడు చెబితే గానీ నాకు తెలియలేదు.

ఏడుంబావుకి సుజాత మలుపు తిరిగి వచ్చింది. ఇంటర్వ్యూ ఫోనులోనే అయినా మంచి చుడీదారు వేసుకుంది. నా ముందు నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకుంది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. ఏమైందని అడగడానికి నాకు భయం వేసింది.

"ఫస్టు అదే అడిగాడప్పా, పొద్దున్న ఏటి సేత్తావని. నువ్వు సెప్పిందే అందామనుకున్నాను. అమ్మ ఎదురుగా కూకుని నా మొకమే సూత్తంది. అబద్దం నోట్లోంచి రానేదు."

మరేం చెప్పావన్నాను. ఆ పిల్ల అక్కడే, చెత్తకుప్ప పక్కన, ఇంగ్లీషులో మళ్లీ చెప్పింది. "మై మదర్ స్వీప్స్ ద స్ట్రీట్స్. ఐ ఫిల్ ఇన్ ఫర్ హర్. టుడే మై సిస్టర్ ఈజ్ ఫిల్లింగ్ ఇన్ ఫర్ మీ." మా అమ్మ వీధులు ఊడుస్తుంది, ఆమె బదులు నేను చేస్తాను, ఇవాళ నా బదులు మా అక్క చేస్తోంది. ఫిల్ ఇన్ ఫర్ అన్నది నా నోటుబుక్కులో లేనే లేదు. తను ఎక్కడ విందో తనకే గుర్తులేదట. అవసరం పడేసరికి వచ్చేసిందట. అవతలి మనిషి ఆ వీధి గురించే ఇరవై నిమిషాలు అడిగాడు, వాన పడితే ఏం చేస్తారు, ఎవరైనా తిడితే ఏం చేస్తావు అని. తను ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. సోమవారం కాగితాలు పట్టుకుని న్యూ టౌన్ రమ్మన్నారు. ఉద్యోగం వచ్చినట్టే.

చీపురు ఇమ్మని చెయ్యి చాపింది. ఇంకా ఒక సందు మిగిలే ఉంది, ఇంటికి పొమ్మన్నాను. పోలేదు, చుడీదారు ఎగ్గట్టి నా వెనకే కుప్పలు ఎత్తుతూ వచ్చింది. ఎనిమిదింటికి బండి వచ్చేసరికి అన్నీ మలుపు చేరాయి. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. దాని కిందే ఇంకొకటి కూడా కదిలింది, అది సంతోషం కాదు. ఇరవై రెండేళ్లలో పక్క కుర్చీల్లో కూర్చునే మనుషులకి నేను చెప్పలేని మాటను, ఇరవై మూడేళ్ల పిల్ల ముక్కూ మొహం తెలియని మనిషికి, ఉద్యోగం రాకపోవచ్చని తెలిసి కూడా, తనది కాని భాషలో చెప్పేసింది.

ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కాను. ఇంటికొచ్చి పది రోజులైంది, పొక్కులు మానాయి, మనసు మాత్రం ఇంకా కుదురుకోలేదు. ఇది మా స్కూలువాళ్లు కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను. మా అమ్మ ఇంట్లో ఉండేది కాదు. పద్దెనిమిదేళ్లు బొబ్బిలి వీధులు ఊడ్చి నన్ను చదివించింది. ఆమె పేరు పైడమ్మ.